అద్దం వెనక అత్తిచెట్టు

పిట్టలావిడకి కోపం ముక్కు మీదే ఉంటుందని ఆ వీధిలో అందరికీ తెలుసు. మనిషి చూస్తే గుప్పెడంత ఉంటుంది. పిట్ట కొంచెం, కూత ఘనం అన్న మాట ఆవిడను చూసే పుట్టిందని పాలుపోసే మనిషి గట్టి నమ్మకం. "మీ బొమ్మలు భలే అందంగా ఉంటాయండీ" అని ఎవరైనా అన్నారంటే ఆవిడకి ఒళ్ళు మండుతుంది. "అందం పిట్టది. నేను చేసేది చూసి దించడం. దాని తోకలో ఈకలెన్నో ఎప్పుడైనా చూశారా?" అని అడుగుతుంది. మెచ్చుకోవడానికి వచ్చిన మనిషి మింగలేక కక్కలేక చెప్పులు వెతుక్కుంటాడు.

కోపానికి కారణాలు లేకపోలేదు. నలభై ఏళ్ళుగా ఆవిడ పిట్టల బొమ్మలు వేస్తోంది. అన్నీ అరచేయంత బొమ్మలే. పుస్తకాల్లోకి, బడిపిల్లల అట్టల మీదికి, మ్యూజియంలో అద్దాల పెట్టెల పక్కకి వెళ్ళిపోయాయి. బొమ్మ కింద పిట్ట పేరుంటుంది, ఆ పిట్టకి పేరు పెట్టిన పండితుడి పేరుంటుంది, ఆవిడ పేరు మాత్రం ఉండదు. నారింజ రంగు పొట్టని టమాటా రంగులో అచ్చేసిన ప్రచురణకర్తతో మాటలు మానేసింది. పేజీలో పట్టలేదని కొంగ కాళ్ళు కురచ చేసిన క్యాలెండరు వాళ్ళ గడప మళ్ళీ తొక్కలేదు. ఇలా ఒక్కొక్కరినీ వదులుకుంటూ పోగా చివరికి మిగిలింది తమ్ముడొక్కడు.

ఆ తమ్ముడికి యాభై దాటాయి. బట్టతల, బొజ్జ రెండూ వచ్చాయి. అయినా అక్క నోట ఇంకా చిన్నోడే కనక మనకీ చిన్నోడే. ఊళ్ళో కొత్తగా లేచిన ఒక పెద్ద కంపెనీ భవనానికి మేనేజరు. తాళాలు, లిఫ్టులు, నీళ్ళ ట్యాంకులు, ఊడ్చేవాళ్ళు, కాపలావాళ్ళు అన్నీ అతని చేతి కిందే. నిక్కరు వేసుకునే రోజుల నుంచీ చిన్నోడికి ఒక అలవాటుంది. కరెంటు తీగ తగిలి పడిందో, పిల్లి నోట్లోంచి జారిందో, చచ్చిన పిట్ట ఎక్కడ కనపడినా టిఫిను డబ్బాలో పెట్టి అక్కకి తెచ్చిచ్చేవాడు. ఆ డబ్బాలు కడగలేక అమ్మ ఇద్దరికీ వీపు విమానం మోత మోగించేది. అమ్మ పోయింది, డబ్బా మారింది, అలవాటు మాత్రం పోలేదు.

ఆవిడ పనికి అది కావాలి మరి. బతికున్న పిట్ట ఎగిరిపోతుంది, పోయిన పిట్ట రంగు మారిపోతుంది. ఈ రెంటికీ మధ్య దొరికే కాసేపే ఆవిడ బతుకంతా. చంపి తెస్తానన్నవాణ్ణి గుమ్మం బయటే నిలబెట్టి దులిపేసింది. దానంతట అది పోయింది కావాలి, అదీ తాజాగా కావాలి. పిట్ట పోయాక అన్నిటికంటే ముందు కంటి రంగు పోతుంది. తర్వాత కాళ్ళది, ముక్కుది. ఈకలొక్కటే మాట మీద నిలబడతాయి. అందుకని డబ్బా మూత తీయగానే ఆవిడ పరుగు మొదలు. అందరూ ఆఖర్న పెట్టే కన్ను ఆవిడ ముందే పెట్టేస్తుంది. "కన్ను ముందు పెడితే అది నన్నే చూస్తుంటుంది. అబద్ధం గీయాలంటే భయమేస్తుంది" అంటుంది. ఎక్కడ దొరికింది, ఎలా పోయింది అని అడుగుతూ కూర్చుంటే ఆ కన్ను కాస్తా బూడిదరంగుకి తిరుగుతుంది. కనక ఆవిడ అడగదు. రంగు పట్టుబడ్డాక రెక్కలు విప్పి గుండుసూదులు గుచ్చి, కొలతలు తీసి, పాత పేపర్లో చుట్టి ఫ్రిజ్ పై అరలో పెడుతుంది. "మీ ఇంట్లో ఐసు ముక్క అడగాలన్నా భయమే వదినా" అని చిన్నోడి భార్య ఇప్పటికీ అంటుంది.

అక్కకి గోడ ఇప్పించింది ఆ చిన్నోడే. కంపెనీ భవనం ముందు హాల్లో, వీధికి ఎదురుగా, రెండంతస్తుల ఎత్తు గోడ ఒకటి ఖాళీగా ఉంది. ఛైర్మన్ దాని మీద కంపెనీ గుర్తు వేయిద్దామనుకున్నాడు. చిన్నోడు ఆయన వెంటపడ్డాడు. లిఫ్టులో అడిగాడు, కారు దగ్గర అడిగాడు, ఆఖరికి ఆయన చేతులు కడుక్కునే చోట కూడా తువ్వాలు అందిస్తూ అడిగాడు. ఆయన విసిగిపోయి సరేనన్నాడు. కబురు చెప్తే అక్క మొదట తిట్టింది. "నా కుంచెకి ఉన్నవే మూడు వెంట్రుకలు. దాంతో రెండంతస్తులు గీకమంటావా?" అంది. మర్నాడు పొద్దున్నే పెద్ద కుంచెలు కొనడానికి తనే బజారుకి వెళ్ళింది.

రెండేళ్ళు పరంజా మీదే గడిచాయి. ఆవిడ అక్కడ ఒక అత్తిచెట్టు వేసింది. పండిన పళ్ళు గుత్తులు గుత్తులుగా, కొన్ని పగిలి, కొన్నిట్లో చీమలతో సహా. ఆకుల సందుల్లోంచి పొద్దుటి ఎండ. కొమ్మకొమ్మకీ పిట్టలు, గోరింకలు, పచ్చపావురాలు, పసుప్పచ్చటి వంగపండు పిట్టలు. ప్రతిదీ దాని అసలు సైజులో. భుజం పట్టేసి చెయ్యి పైకి లేవని రోజుల్లో ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని వేసింది. అరవై దాటాక దొరికిన మొదటి గోడ అది. ఇంకోటి దొరకదని ఆవిడకి తెలుసు. పుస్తకాలు చెదలు తింటాయి, గోడ ఉంటుంది అనుకుంది. కుడిపక్క కింది కొమ్మ మీద ఒక ఆడ వంగపండు పిట్టని వేసి, దాని కింద తన పేరు రాసింది. పేరు రాసుకోవడం అలవాటు లేక దానికి ఒక పూటంతా పట్టింది.

అప్పటికి భవనం ముందువైపు తెరిచే ఉంది. బొమ్మ అయ్యాకే అద్దాలు బిగించారు. నేల నుంచి పైకప్పు దాకా ఎక్కడా అతుకు కనపడకుండా బిగించారు. మండువేసవిలో ప్రారంభం జరిగింది. "ఇంతకంటే నిజమైన చెట్టు ఈ ఊళ్ళో లేదు" అన్నాడు ఛైర్మన్ అందరి ముందూ. ఎప్పుడూ మెప్పు వింటే మండిపడే మనిషి, ఆ రోజు ఏమీ అనలేదు. తల వంచుకుని గోళ్ళలో రంగు గీక్కుంటూ నిలబడింది.

చలి మొదలైంది. దూరదేశాల పిట్టలు రావడం మొదలుపెట్టాయి. చిన్నోడి డబ్బా రావడమూ ఎక్కువైంది. ఒకప్పుడు నెలకో పిట్ట దొరికితే గొప్ప. ఇప్పుడు వారంలో రెండు మూడు సార్లు పొద్దున్నే స్కూటరు చప్పుడు వినపడేది. అన్నీ తాజావే, అన్నీ బలంగా కండపట్టి ఉన్నవే, ఈక కూడా చెదరలేదు. ఆవిడ సంబరానికి అంతు లేదు. చిన్నోడికి టీ పెట్టిచ్చి, "ఒరేయ్, ఈ ఏడు నీ చెయ్యి మంచిదిరా" అంది.

"పార్కులో దొరుకుతున్నాయక్కా" అన్నాడు చిన్నోడు టీ కప్పులోకి చూస్తూ.

ఒకరోజు డబ్బాలో మగ వంగపండు పిట్ట వచ్చింది. జీవితమంతా ఆవిడ దాన్ని దూరం నుంచి చూడటమో, మ్యూజియంలో గాజుకళ్ళు పెట్టిన దాన్ని చూడటమో తప్ప చేతిలోకి తీసుకున్నది లేదు. కన్ను ముదురు ఎరుపు. గోడ మీద తను వేసిన కన్ను కంటే ఒక పిసరు ఎక్కువ ముదురు. ఆవిడకి ఇక అన్నం సయించలేదు. అంత పెద్ద చెట్టులో ఆ కళ్ళ రంగు ఒక్క పిసరు తప్పని ఎవరికి తెలుస్తుంది? ఆవిడకి తెలుస్తుంది. మర్నాడు తెల్లవారుతూనే రంగులపెట్టె చంకన పెట్టుకుని, చిన్నోడికి చెప్పకుండా బయల్దేరింది. చెప్తే నిచ్చెన రావాలి, మనిషి రావాలి అంటాడు. కింది కొమ్మల మీదివి తన చేతికే అందుతాయి కదా.

తలుపులు ఇంకా తీయలేదు. వీధిలో పల్చగా మంచు ఉంది. హాల్లో లైట్లు వెలుగుతున్నాయి. ఆ వేళప్పుడు ఆవిడ తన చెట్టుని బయటి నుంచి చూడటం అదే మొదటిసారి. అద్దం లేనే లేనట్టుంది. ఆ బూడిదరంగు వీధిలో పచ్చగా ఉన్నది అదొక్కటే. తను వేసిందేనా ఇది అనిపించింది. ఎవరూ చూడటం లేదు కనక ధైర్యంగా గర్వపడింది.

అప్పుడే తల మీదుగా ఏదో పసుప్పచ్చగా దూసుకుపోయింది. ఎవరో గుప్పిటతో తలుపు తట్టినట్టు చప్పుడైంది. ఆవిడ కాళ్ళకి రెండడుగుల దూరంలో వంగపండు పిట్ట పడింది.

"చూసి నడవండమ్మా, అటుపక్క ఇంకోటి ఉంది" అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఊడ్చే మనిషి. ఒక చేతిలో పొడుగు చీపురు, ఇంకో చేతిలో బకెట్టు. బకెట్టులో గోరింకలు, ఒక పచ్చపావురం, పేరు తెలుసుకునే వీలు లేకుండా ముద్దయిన చిన్నపిట్టలు.

"రోజూ ఇంతేనా?" అంది ఆవిడ.

"చలి మొదలైనప్పటినుంచీ ఇంతే. మంచు పట్టిన రోజైతే బకెట్టు సగానికొస్తాయి. ఆఫీసువాళ్ళు వచ్చేలోపు ఒక్కటీ కనపడకూడదని మేనేజరు గారి ఆర్డరు."

"వీటినేం చేస్తావు?"

"చెత్తబండిలో వేస్తాను. దెబ్బ కనపడకుండా బాగున్నవి ఆయనే ఏరుకుంటారు. వాళ్ళ అక్కగారికట. ఆవిడకి చచ్చిన పిట్టలంటే ప్రాణమట. ఎవరి పిచ్చి వారికానందం, మనకెందుకమ్మా."

ఆవిడ వంగి వంగపండు పిట్టని చేతిలోకి తీసుకుంది. ఇంకా వెచ్చగా ఉంది. కన్ను తెరిచే ఉంది. ముదురు ఎరుపు. ఆవిడ చూస్తుండగానే ఆ ఎరుపు మీద పల్చటి పొర కమ్ముకుంది, తర్వాత చుట్టూ అంచు వెలిసింది, తర్వాత మొత్తం వెలిసింది. నలభై ఏళ్ళు ఆ రంగు వెనక పరుగెత్తిన మనిషి ఆ రోజు కదల్లేదు. రంగులపెట్టె మూత తీయలేదు. పూర్తిగా పోయేదాకా చూసింది. ఆ తర్వాత మెడ వైపు చూసింది. మెడ అటూ ఇటూ వేలాడుతోంది.

వేటగాళ్ళు ఒక పిట్టని మచ్చిక చేసి, కాలికి దారం కట్టి, వల పక్కన కూర్చోబెడతారు. అది ధీమాగా గింజలు తింటూ ఉంటే, పైన పోయేవి చూసి, అక్కడ తిండి ఉంది, భయం లేదు అనుకుని దిగుతాయి. ఆ పిట్టని దీమం అంటారు. ఆవిడ అద్దంలోంచి తన చెట్టుని చూసింది. కొమ్మకొమ్మకీ కూర్చుని తింటున్నవన్నీ దీమాలే. ఒక్కొక్కదానికీ కన్ను ముందు పెట్టి, ఈక తర్వాత ఈక తీర్చి, రెండేళ్ళు కూర్చుని వేసింది.

చిన్నోడు తన గదిలో గోడకి వేలాడే తాళాల బోర్డు సర్దుకుంటున్నాడు. తలుపులు తీశాక ఆవిడ ఊడ్చే మనిషి చేతిలోని బకెట్టు అందుకుని వెళ్ళి, అతని బల్ల మీద, కాగితాల మీదే పెట్టింది.

"పార్కు" అంది. "ఇదేనట్రా నీ పార్కు?"

చిన్నోడు చేతిలోని తాళం బోర్డుకి తగిలించబోయి కింద పడేశాడు.

"ఎప్పటినుంచి తెలుసు?"

"చలి మొదలైన మొదటి వారం నుంచి" అన్నాడు.

"తెలిసే డబ్బాలో పెట్టి తెచ్చావు. నేను టీ ఇచ్చాను. నీ చెయ్యి మంచిదన్నాను. నవ్వుకున్నావా ఇంటికెళ్ళి?"

"నవ్వలేదక్కా. ఎలాగూ పోయాయి. చెత్తబండిలో పడేకంటే నీకైనా పనికొస్తాయి కదా అనుకున్నా."

"నాతో ఒక్క మాట చెప్పాలనిపించలేదా?"

"చెప్తే నువ్వేం చేస్తావో తెలుసు. అందుకే చెప్పలేదు." చిన్నోడి గొంతు కూడా లేచింది. అతనూ ఆ తల్లి కడుపున పుట్టినవాడే. "ఇన్నేళ్ళు అగ్గిపెట్టెలంత బొమ్మలేశావు. ఒక్కడైనా నీ పేరు వేశాడా? నీ పేరు ఉన్నది ఒక్క చోట. ఆ గోడ మీద. నేను అడుక్కుని తెచ్చాను ఆ గోడని. దాన్ని నీ చేత్తోనే పాడుచేసుకోమని నేనే నీకు కబురు చెప్పాలా?"

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. దొంగతనానికి తిట్టొచ్చు, దగాకి తిట్టొచ్చు. ప్రేమకొద్దీ చేసిన వెధవపనికి ఎలా తిట్టాలో తెలియక, రెట్టింపు గట్టిగా తిట్టింది. ఊడ్చే మనిషి తలుపు దగ్గరిదాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది. తిట్టి తిట్టి చివరికి ఆవిడ కుర్చీలో కూలబడింది.

"నాకు కనపడాలి కదరా" అంది. "ప్రతిదానికీ మెడ వేలాడుతూనే ఉంది. కొలతకి అడ్డొస్తోందని కింద దూది పెట్టి నిలబెట్టుకున్నాను. ముక్కు చివర నెత్తురుంటే తడిగుడ్డతో తుడిచాను, రంగు తప్పు పడుతుందని. ఇంత చూసే కళ్ళు అదొక్కటి చూడలేదు. నీతోపాటు నన్నూ చెప్పుచ్చుకు కొట్టాలి."

చిన్నోడు బకెట్టు మీద పాత పేపరు కప్పాడు.

ఛైర్మన్ వచ్చేదాకా కూర్చుని, ఆయన గదికి వెళ్ళింది. అడిగింది పెద్దదేం కాదు. అద్దానికి బయటివైపు తెల్లటి చుక్కలు దగ్గరదగ్గరగా పెట్టిస్తే పిట్టలకి అద్దం ఉందని తెలుస్తుంది. లేదంటే వల కట్టించినా చాలు. అదీ కాదంటే చలి పోయేదాకా ఒక తెర దించినా చాలు. ఛైర్మన్ మర్యాదగానే విన్నాడు.

"అద్దం ఈ భవనానికి ముఖం అమ్మా. ముఖం నిండా మశూచి మచ్చలు పెట్టమంటారా? తెర దించితే ఇక మీ బొమ్మ ఎందుకు?" అన్నాడు. "అయినా మీరు సంతోషించాల్సిన విషయం ఇది. మనుషులు మెచ్చుకోవడం ఏముంది, పిట్టలే మోసపోతున్నాయి. ఇక్కడికి ఎవరొచ్చినా నేను ముందు ఇదే చెప్తాను."

"చచ్చిపోతున్నాయని కూడా చెప్తున్నారా?"

"అంతదాకా ఎందుకండీ" అన్నాడు ఆయన. "సరే, మీరు ఇంతగా చెప్తున్నారు కనక వచ్చే సమావేశంలో పెడదాం."

"వచ్చే సమావేశం ఎప్పుడో పిట్టలకి కూడా చెప్పించండి. అందాకా ఆగుతాయి" అని ఆవిడ లేచి వచ్చేసింది.

ఆ వారమంతా ఆవిడ రోజూ పొద్దున్నే అద్దం బయట నిలబడింది. చేతులు ఊపింది, చప్పట్లు కొట్టింది, గొడుగు తెరిచి తిప్పింది. ఆఫీసువాళ్ళు మేడ మీది నుంచి ఫోటోలు తీసుకున్నారు. ఒకవైపు ఆపితే ఇంకోవైపు పడేవి. గొడుగు తిప్పీ తిప్పీ పట్టేసిన భుజం ఇంకా పట్టేసింది. పడ్డవాటిని ఆవిడ ఇంటికి తీసుకెళ్ళలేదు. ఏ ఒక్కదాన్నీ కొలవలేదు.

శనివారం సాయంత్రం చిన్నోడి ఇంటికి వెళ్ళింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"రేపు ఆఫీసు సెలవు. తలుపు నువ్వు తీస్తావా, అద్దం నేను తియ్యనా? పక్క సందులో ఇటుకలు బోలెడున్నాయి" అంది.

"నా ఉద్యోగం పోతుందక్కా."

"పోతుంది" అంది ఆవిడ. పోదులే అని మాటవరసకైనా అనలేదు.

మరదలు వంటింటి గుమ్మంలో నిలబడి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "వదినా, ఆ గోడ కోసం మీరు భుజం పోగొట్టుకున్నారు" అంది నెమ్మదిగా. ఆవిడ చెప్పులేసుకుని బయటికి నడిచింది.

ఆదివారం తెల్లవారేసరికి చిన్నోడు తాళం తీసి, చక్రాల నిచ్చెన గోడ దగ్గరికి తోసి ఉంచాడు. రెండు రోలర్లు, పొడుగు కర్రలు, తెల్లటి ప్రైమరు డబ్బాలు వరసగా పెట్టి ఉన్నాయి. ఆవిడ వాటిని చూసింది, అతన్ని చూడలేదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని పైకెక్కింది.

పైకొమ్మ నుంచి మొదలుపెట్టింది. పళ్ళు ముందు పోయాయి. తర్వాత చీమలు, ఆకులు, ఆకుల మధ్య ఎండ. వేసేటప్పుడు వారం పట్టిన గుత్తి ఒక్క దెబ్బకి తెల్లబడింది. పిట్టల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. అన్నీ ఆవిడనే చూస్తున్నాయి. అవి చూస్తుంటే పని జరగదని, ఒక చిన్న కుంచె తెప్పించుకుని ముందు కళ్ళన్నిటి మీదా తెల్ల చుక్కలు పెట్టింది. ఆ తర్వాత రోలరు తిప్పింది. తిప్పుతూ ఛైర్మన్‌ని తిట్టింది, అద్దం కనిపెట్టినవాణ్ణి తిట్టింది, తన చేతిలో ఉన్న పనితనాన్ని తిట్టింది.

"నిచ్చెన కదపకు" అంది కిందికి.

"ఏడుస్తున్నానక్కా. అందుకే కదులుతోంది."

"ఏడ్చేదేదో దూరంగా వెళ్ళి ఏడు."

"దూరంగా వెళ్తే నువ్వు పడతావు" అని చిన్నోడు ముక్కు చీదుకుని మళ్ళీ గట్టిగా పట్టుకున్నాడు. "నీకు బుద్ధి లేదు. చిన్నప్పటినుంచీ లేదు. పక్కింటివాళ్ళు చిలకని పంజరంలో పెడితే పంజరం విరగ్గొట్టావు, తన్నులు నాకు పడ్డాయి."

పైభాగం అయ్యాక చిన్నోడు కూడా ఒక రోలరు తీసుకున్నాడు. ఆవిడ వద్దనలేదు. అతను మానుకి వేస్తుంటే ఆవిడ కొమ్మలకి వేసింది. పొద్దెక్కేసరికి కుడిపక్క కింది కొమ్మ ఒక్కటి మిగిలింది. దాని మీద ఆడ వంగపండు పిట్ట, దాని కింద పేరు.

అప్పుడే ఛైర్మన్ కారు వచ్చి ఆగింది. కాపలావాడు ఫోను చేసినట్టున్నాడు. ఇంట్లో కట్టుకునే బట్టల్లోనే పరుగున వచ్చాడు. గోడ చూసి అరవడం మొదలుపెట్టాడు.

"ఎవరిని అడిగి చేశారిది? ఎవరు తలుపు తీశారు?"

"నేనే సార్" అన్నాడు చిన్నోడు. రోలరు చేతిలోనే ఉంది, బట్టతల నిండా తెల్ల చుక్కలు. "తాళం తీసింది నేను, రంగు తెచ్చింది నేను. ఆ మాను మీద వేసింది కూడా నేనే."

ఆవిడ ఆ మాట విన్నది. వారం నుంచి రగులుతున్న కోపంలో ఒక చారెడు చల్లారింది. ఆ సంగతి చిన్నోడికి తెలియనివ్వలేదు.

"నీ సంగతి రేపు చూస్తాను" అన్నాడు ఛైర్మన్. ఆవిడ వైపు తిరిగాడు. "మీరేమనుకుంటున్నారు? మీరొక్కరే ఉన్నారా బొమ్మలు వేసేవాళ్ళు? రేపే ఇంకొకణ్ణి పిలిపించి, ఇక్కడే, ఇదే చెట్టు వేయిస్తాను."

"వేయించుకోండి" అంది ఆవిడ. "వాడు వేసిన చెట్టుకి ఏ పిట్టా రాదు లెండి."

రోలరు రంగులో ముంచింది. చిన్నోడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అక్కా, ఆ ఒక్కటీ ఉండనీ. పేరు దగ్గరిది. ఒక్క పిట్టకేమవుతుంది?"

"ఒక్కదాన్ని చూసేరా పది దిగేది. దీమం అంటే అదే" అంది. అతని చెయ్యి పక్కకి నెట్టి రోలరు తిప్పింది. పిట్ట పోయింది. కింద ఉన్న పేరు కూడా అదే ఊపులో పోయింది. ఆవిడ ఆగి చూడలేదు.

ఛైర్మన్ ఇంకా తిడుతూనే ఉన్నాడు. గోడ ఎవరిది, అద్దం ఎవరిది, పోలీసులు, కోర్టు, ముసలితనంలో మతి. ఆ తిట్ల మధ్యలో ఆవిడ చటుక్కున చెయ్యెత్తింది. ఆయనకే అర్థం కాలేదు ఎందుకు ఆగాడో. ముగ్గురూ వీధి వైపు చూశారు.

ఎదురు మేడ పక్కనుంచి గోరింకల గుంపు వస్తోంది. తిన్నగా వస్తోంది, కిందికి వస్తోంది, పొద్దుటిదాకా కొమ్మలున్న ఎత్తులోనే వస్తోంది. చిన్నోడు కళ్ళు గట్టిగా మూసుకుని తల వంచాడు. ఆ చప్పుడు అతను చాలాసార్లు విన్నాడు. ఛైర్మన్ ఎప్పుడూ వినలేదు. ఆయన వచ్చేసరికి ఎప్పుడూ నేల శుభ్రంగా ఉండేది. ఆవిడ రోలరు పట్టుకున్న చెయ్యి అలాగే పైకి ఉంది, తెల్లరంగు మోచేతి మీదుగా కారుతోంది.

గుంపు వీధి దాటింది. లోపల వాటికి కావలసింది ఏమీ కనపడలేదు, ఉత్త గోడ కనపడింది. అద్దం ఇంకా కొంత దూరం ఉండగానే పైకి లేచింది. నీడలు మాత్రం తెల్లగోడ మీదుగా గబగబా పాకి పోయాయి. మేడ మీదుగా అవతలికి వెళ్ళిపోయాయి. చప్పుడు లేదు. చిన్నోడు ఒక కన్ను తెరిచాడు.

ఆవిడ చెయ్యి దించి, ఛైర్మన్ వైపు తిరిగింది.

"ఇప్పుడు తిట్టండి" అంది.